పళ్ళికరణైలో కొత్త కెమెరా

చెన్నైలో పక్షుల ఫొటోలు తీసే నా అలవాటుకు ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సారు (కెమెరాలో వెలుతురును బొమ్మగా పట్టే భాగం) కంటే, చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సారే మేలని తేల్చుకుని, 2022లో వచ్చిన 32.5 మెగాపిక్సెళ్ల కెనాన్ ఆర్7 తీసుకున్నాను. సెన్సారు చిన్నది కనుక, దానికి తగిలించిన 400 మిల్లీమీటర్ల లెన్సు, ఫుల్ ఫ్రేమ్‌లో 640 మిల్లీమీటర్ల లెన్సు చూపేంత దగ్గరగా చూపుతుంది; అంత పెద్ద లెన్సు కొనడానికి జేబు, మోయడానికి భుజం రెండూ ఒప్పుకోవు.

నిన్న ఉదయం పళ్ళికరణై చిత్తడి నేలల దగ్గర, గడ్డి అడ్డం వచ్చినా, ఎగిరే గూడబాతు కన్నును ఆటోఫోకస్ చాలావరకు వదలలేదు. కదిలే తెర లేని ఎలక్ట్రానిక్ షట్టరుతో సెకనుకు 30 చిత్రాలు వస్తాయి గానీ, సెన్సారును వరుసలవారీగా చదవడం వల్ల వేగంగా ఆడే రెక్కలు వంకరగా పడుతున్నాయి. అందుకే 15 చిత్రాలిచ్చే, తెర కదిలే మెకానికల్ షట్టరుకే మారాను (వాటిలోంచి ఏరుకోవడమే ఒక పూట పని). మసక వెలుతురులో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచితే ఈకల నునుపు గరుకుగా మారుతోంది. అక్కడ మాత్రం పెద్ద సెన్సారుదే పైచేయి.