డోలు కొట్టిన చెయ్యి

సంక్రాంతికి మొదలైన కొమురవెల్లి, ఐనవోలు మల్లన్న జాతరలు ఉగాదికి ముగిస్తే తప్ప, మల్లన్న, ఎల్లమ్మ వంటి దేవతల కథలను డోలు దెబ్బల మీద పాడి చెప్పే ఒగ్గు కళాకారులు ఇంటిపట్టున దొరకరు. అందుకే ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య గారి మీద కొందరు యువకులు తీసిన డాక్యుమెంటరీని జనగామ దగ్గరి ఒక పల్లెలో వైశాఖం వచ్చాక చూపిస్తున్నారని మిత్రుడు చెప్పగానే, ఎండను లెక్కచేయకుండా హనుమకొండలో బస్సెక్కాను. కాజీపేట, స్టేషన్ ఘన్‌పూర్, రఘునాథపల్లి మీదుగా సాగే ఆ ప్రయాణంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు, రఘునాథపల్లి దాటాక టైరు పంక్చరై ముప్పావు గంట తుమ్మచెట్టు నీడన నిలబడటం తప్ప.

జనగామ నుంచి ఆటోలో ఆ ఊరు చేరేసరికి పొద్దు గూకింది. బడి గోడకు తెల్ల పంచెలు రెండు కలిపి కుట్టిన తెర కట్టారు. ముందు వరుసలో పిల్లలు, వారి వెనుక గొంగడి పరచుకొని కూర్చున్న గొల్ల కురుమ పెద్దలు, గోడ వారగా ఆడవాళ్లు ఉన్నారు. డోలు భుజాన వేసుకొని వచ్చినవాళ్లు కూడా నలుగురైదుగురు కనిపించారు. సినిమా చూడటానికి డోలు ఎందుకని అడగబోయి ఆగిపోయాను.

సత్తయ్య గారిది ఈ జిల్లాలోనే లింగాల ఘన్‌పూర్ మండలంలోని మాణిక్యాపురం. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న ఆయన 2017 నవంబరులో కన్నుమూశారు. తెర మీద ఆయన ఉత్తరీయాన్ని నెత్తి మీదికి లాగి, గొంతు సన్నం చేసి మల్లన్న భార్య గొల్ల కేతమ్మగా మారిన క్షణంలో ఆడవాళ్లందరూ గొల్లున నవ్వారు. ఆ వెంటనే అదే ఉత్తరీయం నడుముకు బిగించి ఆయన మల్లన్నగా నిలబడితే, నా పక్కనున్న పెద్దాయన చేతులెత్తి మొక్కాడు. బొమ్మకు మొక్కుతున్నానన్న ఆలోచన ఆయనకు వచ్చినట్టు లేదు. తెర మీది కథకుడు మాట ఆపిన ప్రతిసారీ ఇటువైపు నుంచి ఎవరో ఒకరు "ఆ!" అంటూనే ఉన్నారు. ఒగ్గు కథ విన్నవాళ్లకు అది అలవాటైన పని.

అయితే చిత్రం సగానికి చేరేసరికి గొంగడి మీద గొణుగుడు మొదలైంది. పూర్తయ్యాక అది బాహాటమైంది. డోలు తెచ్చుకున్నవారిలో పెద్దవాడు లేచి, "సత్తన్న మొకమే సూపెట్టిండ్లు, మంచిగనే ఉన్నది. మరి వంత పాడేటోడు ఏడవోయె? డోలు కొట్టేటోడు ఏడవోయె? ఒక్కనితోని కథ అయితదా?" అని నిలదీశాడు. నాకు ఆ మాట న్యాయంగానే తోచింది. ఒగ్గు కథలో ప్రధాన కథకుడు ఒక వాక్యం అంటే దాన్ని అందుకొని సాగదీసేవాడు, ఎగతాళి చేసేవాడు, ప్రశ్న వేసేవాడు పక్కనే ఉంటాడు. కథ యుద్ధంలోకి వెళ్తుందో పెళ్లిలోకి వెళ్తుందో డోలు దెబ్బలోని తేడాను బట్టి ముందే తెలిసిపోతుంది. చిత్రంలో మాత్రం ఆ జవాబుల చోట ఎవరో పండితుడి వ్యాఖ్యానం వచ్చి కూర్చుంది. వినేవాళ్లు "ఆ!" అన్నదీ, అసలు వంత వినపడక ఏర్పడిన ఆ ఖాళీలోనే అని నాకు అప్పుడు అర్థమైంది.

మరొకాయన గొడవ వేరు. వేములవాడ వైపు అల్లుడుగా వెళ్లినవాడట. హన్మాజీపేట ఒగ్గు కథకుడు మిద్దె రాములు ఎల్లమ్మ కథ చెప్తుంటే విన్నవాడికి ఇది ఆనుతుందా అని ఆయన అనేసరికి, జనగామ వాళ్లు ఊరుకుంటారా? అరగంట సేపు రాములు గొప్పా, సత్తయ్య గొప్పా అన్న వాదులాట నడిచింది. నేను విన్న సినిమా చర్చలన్నింటిలోకీ అదే సరుకున్నది. ఏ చరణం దగ్గర ఎవరు ఊపిరి ఎలా తీస్తారో పాడి చూపిస్తూ వాదించుకున్నారు మరి. దేవుడి ముందు రంగు పొడులతో పట్నం అనే ముగ్గు వేసే ఘట్టం కొద్ది క్షణాల్లో ముగిసిపోయిందని ఆడవాళ్లు అలిగారు. పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడి చేతి సందుల నుంచి జారుతూ ముగ్గు అయ్యే తీరును నిదానంగా చూడాలని వాళ్ల కోరిక.

అప్పుడు గోడ వార నుంచి ఒక ముసలామె కర్ర పట్టుకొని తెర దగ్గరికి వచ్చింది. కథలో ఒకచోట తెర అంచున ఒక చెయ్యి కనిపించిందని, అది తన పెనిమిటిదని చెప్పింది. చిత్రం తీసిన యువకుడు వెనక్కి తిప్పి ఆ దృశ్యం మళ్లీ వేశాడు. సత్తయ్య గారి భుజం వెనుక, ఎడమ అంచున, మోచేతి దాకా ఒక చెయ్యి, మణికట్టుకు రాగి కడియం, డోలు చర్మం మీద రెండు దెబ్బలు, అంతే.

"మొకం రాదా బిడ్డా?" అని అడిగింది.

యువకుడు బొమ్మను ఆపి, పెద్దది చేసి చూశాడు. చెయ్యే పెద్దదైంది.

"అంతే ఉన్నదమ్మా," అన్నాడు తలొంచుకొని.

"ఉండనీ తీ. గా కడెం ఇంట్లనే ఉన్నది," అని ఆమె ఇంకోసారి వేయమంది. అతను మూడుసార్లు వేశాడు. మూడోసారి డోలు తెచ్చుకున్న పెద్దాయన కూర్చున్నచోటే తన డోలు మీద ఆ రెండు దెబ్బలూ తెరతో పాటు వేశాడు.