అమ్మ మోకాలి ఆపరేషన్: ఎనిమిది నెలల ఎదురుచూపు

మా అమ్మకు 64 ఏళ్ళు. ఒకప్పుడు అలిపిరి నుంచి కొండకు నడిచి, మోకాళ్ళ మిట్ట కూడా చకచకా ఎక్కిన మనిషి. నిరుడు బాత్రూముకు పోవాలన్నా గోడ పట్టుకోవాల్సి వచ్చింది. మాది పూతలపట్టు దగ్గర పల్లె. ప్రైవేటులో అడిగిన డబ్బు మావల్ల కాదు. తిరుపతిలో ఒక ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాను.

ఉదయం 6 గంటలకే ఆర్థో ఓపీ దగ్గర వరుస ఉంది. నిలబెట్టి ఎక్స్‌రే తీయించమన్నారు. పడుకోబెట్టి తీస్తే, బరువు పడినప్పుడు ఎముకల మధ్య సందు ఎంత తగ్గుతుందో సరిగా తెలియదట. ఫిల్మ్ చూసి డాక్టరు, "గుజ్జు పూర్తిగా అరిగిపోయిందమ్మా, కీలు మార్చాల్సిందే" అన్నారు. రిజిస్టర్‌లో పేరు రాసుకుని, ఫోన్ చేస్తామని పంపేశారు.

రెండున్నర నెలలు ఫోన్ రాలేదు. నా ఫోన్ మోగినప్పుడల్లా అమ్మ తలెత్తి చూసేది. ఉండబట్టలేక వెళ్ళి అడిగితే వార్డులో ఒక సిస్టర్ కూర్చోబెట్టి చెప్పింది: ఆ యూనిట్‌కు వారానికి రెండు రోజులే ఆపరేషన్ థియేటర్. రోడ్డు ప్రమాదంలో ఎముక విరిగినవాళ్ళు వస్తే వాళ్ళకే ముందు. మోకాలు ఆగగలిగే కేసు. అది న్యాయమేనని నాకూ అనిపించింది. ఇంటికొచ్చి చెబితే అమ్మ మాత్రం, "ఆగగలిగే నొప్పి అని ఎవరు చెప్పినారు నాయనా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

నాలుగో నెలలో పిలిచారు. చేర్చుకుని రక్త పరీక్షలు చేశారు. హెచ్‌బీఏ1సీ అనే షుగర్ పరీక్షలో 9.4 వచ్చింది, అంటే చాలా ఎక్కువ. మత్తు డాక్టరు ఒప్పుకోలేదు. షుగర్ అంత ఉంటే పుండు మానదు, చీము పట్టి కొత్త కీలు దాకా పోతే దాన్నే తీసేయాల్సి రావచ్చు అన్నారు. ఆయన చెప్పింది నిజమే. కానీ ఆ పరీక్ష దాదాపు మూడు నెలల సగటు చక్కెరను చెబుతుంది. పేరు రాసుకున్న రోజే చేసి ఉంటే, మేం ఊరికే ఎదురుచూసిన ఆ నెలల్లోనే షుగర్ దారికొచ్చేది. ఆ మాట ఒక్కరు కూడా చెప్పలేదు. ఇప్పటికీ నా బాధ అదే. పేరు మళ్ళీ వరుస చివరికి పోయింది.

ఈసారి చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పీహెచ్‌సీ డాక్టరు మందులు మార్చారు. అమ్మ సంగటి ముద్ద సగం చేసింది. పుచ్చిన పన్ను ఒకటి పీకించాం, అక్కడి నుంచి కూడా ఇన్ఫెక్షన్ రావచ్చన్నారు కాబట్టి. మోకాలి కింద టవల్ చుట్టి పెట్టుకుని నొక్కే వ్యాయామం రోజూ చేసింది. నేను నెలకోసారి వెళ్ళి వరుసలో ఎన్నో నంబరో అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. బియ్యం కార్డు, ఆధార్ కాగితాల పని ఒక పూటలో అయిపోయింది.

మీవాళ్ళ పేరు రాయించేటప్పుడు దయచేసి ఒకటి అడగండి: "మత్తు డాక్టరు ఏమేం పరీక్షలు చూస్తారు, ఇప్పుడే చేయించుకోవచ్చా?"

ఎనిమిదో నెలలో హెచ్‌బీఏ1సీ 7.1. నడుముకు ఇంజెక్షన్ ఇచ్చి ఆపరేషన్ చేశారు. మరుసటి రోజు వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసి, అమ్మ నా ముఖం చూసి ఏడ్చేసింది.

ఎడమ మోకాలికి పోయిన వారం పేరు రాయించాం. షుగర్ రిపోర్టు ముందే చేయించి, చేత్తో పట్టుకుని వెళ్ళాను.