బూడిదరంగు సన్యాసుల దీవి

స్కీర్మోనికోగ్. నల్లకుంటలో బ్యాగు సర్దుకునేటప్పుడు ఆ పేరు నాకు నోరు తిరగలేదు. అమ్మాయి నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో చదువుతోంది. నవంబర్లో వస్తున్నానంటే, "ఆమ్‌స్టర్‌డ్యామ్ తర్వాత చూద్దాంలే అమ్మా, రెండ్రోజులు దీవికి పోదాం" అంది. చలిలో సముద్రమేమిటే అన్నాను గానీ వెళ్లాం.

లౌవర్సోగ్ రేవు దాకా బస్సు, అక్కణ్నుంచి ముప్పావుగంట ఓడ. బయటివాళ్ల కార్లను ఓడ ఎక్కనివ్వరు. మేం బయల్దేరింది ఆటు సమయం. ఓడ పోయే కాలువ తప్ప రెండు పక్కలా బురదే, కనుచూపుమేరా మెరుస్తోంది. ఆరు గంటలు గడిస్తే అదంతా మళ్లీ సముద్రం. ఈ వాడెన్ సముద్రాన్ని యునెస్కో 2009లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ బురదలోని పురుగులూ ఆల్చిప్పలే లక్షల వలస పక్షులకు తిండి.

దీవి మొత్తానికి ఒకటే ఊరు. జనం వెయ్యికి లోపే. ఒకప్పుడు బూడిదరంగు బట్టల సన్యాసుల ఆధీనంలో ఉండేదట, పేరు వాళ్లదే. సీజన్ కాదు కదా, కొన్ని దుకాణాలు మూసి ఉన్నాయి. తెరిచిన ఒక హోటల్లో ఆవాల సూప్ ఇచ్చారు. మొదటి చెంచాకే మా అమ్మ చేసే ఆవపెట్టిన అరటికాయ కూర గుర్తొచ్చి ఇంకో గిన్నె అడిగాను.

సాయంత్రం అయిదింటికే చీకటి. కిటికీలోంచి ఎర్ర దీపస్తంభం వెలుగు కనిపించేది. ఇరవై సెకన్లలో నాలుగు మెరుపులు. అమ్మాయి లెక్కపెడుతూ పెడుతూ నిద్రపోయింది. బయట బాతుల అరుపులు తప్ప ఏ చప్పుడూ లేదు. ఇరవై ఏళ్లుగా బస్సుల హారన్ల మధ్య పడుకునేదాన్ని, ఆ రాత్రి చాలాసేపు మేలుకునే ఉన్నాను.

మర్నాడు సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం. పెళ్లయ్యాక నేను సైకిలెక్కడం అదే మొదలు. ఇసుకదిబ్బల మధ్య ఒక శ్మశానం దగ్గర ఆగాం. పేరు ఫ్రెడెన్‌హాఫ్. సముద్రం ఒడ్డుకు తెచ్చిన శవాలను పూడ్చిన చోటు. మునిగిపోయిన నావికులు, రెండు ప్రపంచ యుద్ధాల సైనికులు, జర్మన్లూ బ్రిటిష్ వాళ్లూ పక్కపక్కనే. కొన్ని రాళ్ల మీద పేరు లేదు. గడ్డి మాత్రం శుభ్రంగా కత్తిరించి ఉంది.

మా చిన్నాన్న పందొమ్మిదేళ్లప్పుడు ఇంట్లోంచి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. గుమ్మంలోకి ఎవరొచ్చినా నాయనమ్మ అన్నం పెట్టకుండా పంపేది కాదు. "నా కొడుక్కీ ఎక్కడో ఎవరో పెడుతుంటారు" అనేది. పేరులేని ఒక రాయి మీద రాలిన ఆకులు తీసి దణ్ణం పెట్టాను.

"ఎవరమ్మా ఆయన?" అంది అమ్మాయి.

చిన్నాన్న సంగతి దానికి అప్పటిదాకా చెప్పలేదు. తిరిగొచ్చే దారిలో సైకిళ్లు నడిపించుకుంటూ మొత్తం చెప్పాను. ఎదురుగాలి, గట్టిగా చెప్పాల్సి వచ్చింది.