సమ్మర్ రీసెర్చ్ మెంటర్ దగ్గర మెడికల్ స్కూల్ లెటర్: ల్యాబ్ వదలకముందే చేయాల్సిన పని

అమెరికాలో ప్రీమెడ్ (మెడికల్ స్కూలుకి సిద్ధమయ్యే) విద్యార్థుల సమ్మర్ రీసెర్చ్ ప్రోగ్రాములు ఎక్కువగా 8 నుంచి 10 వారాలు ఉంటాయి. అవి అయిపోయిన ఏడాదికో రెండేళ్లకో రికమండేషన్ లెటర్ అడిగితే పీఐకి (ల్యాబ్ నడిపే ప్రొఫెసర్‌కి) గుర్తుండేది మీ పేరూ, పోస్టర్ టైటిలూ, అంతే. అందుకే ల్యాబ్‌లో ఉండగానే అడగాలి. ఆఖరి వారం పోస్టర్ హడావిడిలో ఎవరూ తీరికగా దొరకరు, కాబట్టి దానికి ముందు వారమే మంచిది.

ఈమెయిల్ కన్నా ఎదురుగా కూర్చుని అడగడం మేలు. "వచ్చే ఏడాది మెడికల్ స్కూళ్లకి అప్లై చేస్తున్నాను. నా పని చూశాక బలమైన లెటర్ ఇవ్వగలనని మీకు అనిపిస్తే రాసిస్తారా?" అంటే చాలు. 'బలమైన' అన్న మాట మాత్రం వదలొద్దు. ఇవ్వలేనివాళ్లు మొహమాటపడకుండా కాదనడానికి అది వీలిస్తుంది. నీళ్లు నమిలారంటే అదే జవాబు అనుకుని వేరేవాళ్లని చూసుకోండి. చప్పటి లెటర్ వల్ల మేలు లేకపోగా చెరుపే ఎక్కువ.

మరి ఎవరిని అడగాలి? రోజూ మీ పక్కన నిలబడి పని నేర్పింది పోస్ట్‌డాకో (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పరిశోధన చేసేవాళ్లు) గ్రాడ్ స్టూడెంటో అయి ఉంటారు. అడ్మిషన్స్ కమిటీ దగ్గర బరువుండేది ఫ్యాకల్టీ సంతకానికి. ఈ రెండూ ఒకే లెటర్‌లో కలవాలి: పోస్ట్‌డాక్ తను చూసింది రాసిస్తే, పీఐ తన అంచనా చేర్చి, ఇద్దరూ సంతకం చేయడం. ముందు పోస్ట్‌డాక్‌ని ఒప్పించి, ఆ తర్వాత పీఐ దగ్గరికి వెళ్లండి.

లెటర్ రాసేవాళ్ల కోసం అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ ఇచ్చిన సూచనల్లో ముఖ్యమైనది ఒకటుంది. ల్యాబ్ గురించి కాదు, అభ్యర్థి గురించి రాయమంటుంది; కళ్లారా చూసిన ప్రవర్తన, దాని సందర్భం, ఫలితం చెప్పమంటుంది. 'చురుకైన విద్యార్థి, కష్టపడుతుంది' అన్న వాక్యం ఎవరికైనా అతుకుతుంది. అదే 'వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్‌ని గుర్తించే పరీక్ష) బ్యాండ్ రాకపోతే, యాంటీబాడీని తప్పుపట్టకుండా ముందు పాన్సో స్టెయిన్‌తో ప్రోటీన్ మెంబ్రేన్ మీదికి చేరిందో లేదో చూసింది. చేరలేదని తేలాక ట్రాన్స్‌ఫర్ మళ్లీ చేసి, ఆ సంగతి గ్రూప్ మీటింగ్‌లో దాచకుండా చెప్పింది' అని రాస్తే చదివేవాళ్లకి ఒక మనిషి కనిపిస్తుంది. ఓర్పూ, నిజాయితీ విడిగా పొగడక్కర్లేదు.

ఇలాంటివి మెంటర్‌కి గుర్తుండవు, మీరే అందించాలి. ప్రతి శుక్రవారం సొంత ఫైల్లో ఐదు లైన్లు రాసుకోండి: ఏం చేశారు, ఏది చెడింది, ఎలా సరిచేశారు. ల్యాబ్ నోట్‌బుక్ ల్యాబ్‌దే, ప్రచురించని డేటా కూడా మీ వెంట రాకూడదు. అడిగిన రోజే ఒక పేజీ ఇవ్వండి: తేదీలు, మొత్తం గంటలు, రెండు మూడు సంఘటనలు, పోస్టర్ టైటిల్, డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నారో నాలుగు వాక్యాలు. వారానికి 40 గంటల లెక్కన 10 వారాలంటే 400 గంటలు. అప్లికేషన్లో వేరే అంకె, లెటర్లో వేరే అంకె పడితే చూసేవాళ్లకి అనుమానం వస్తుంది.

"నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అంటే ఒప్పుకోకండి. అది మీ పర్సనల్ స్టేట్‌మెంట్ గొంతుతోనే పలుకుతుంది. పైగా లెటర్ చూసే హక్కు వదులుకున్నానని మీరు టిక్ పెట్టబోతున్నారు, అది తప్పకుండా పెట్టాల్సిందే. ఆ ఒక్క పేజీ ఇచ్చి, రాయడం వాళ్లకే వదిలేయండి.

ఇక పంపే పద్ధతి. ఆమ్‌కాస్ (చాలా మెడికల్ స్కూళ్లకి ఒకేచోట అప్లై చేసేందుకు ఏఏఎంసీ నడిపే వ్యవస్థ) అప్లికేషన్ సాధారణంగా మే ప్రాంతంలో గానీ తెరుచుకోదు. ఆగస్టులో రాయించిన లెటర్‌ని లెటర్లు భద్రపరిచి పంపే ఇంటర్‌ఫోలియోలాంటి ఆన్‌లైన్ సర్వీసులో పెట్టించండి, లేదా మెంటర్‌నే దాచమని, మేలో తేదీ మార్చి అప్‌లోడ్ చేయమని అడగండి. అప్పుడు ఆమ్‌కాస్‌లో లెటర్ ఎంట్రీ చేర్చి, రిక్వెస్ట్ ఫారం మెంటర్‌కి పంపాలి. మీ ఏఏఎంసీ ఐడీ, లెటర్ ఐడీ అందులోనే ఉంటాయి. లెటర్‌హెడ్, సంతకం ఉన్నాయేమో చూసుకోమని గుర్తుచేయండి. మొత్తం 10 ఎంట్రీలే, వాటిలో ఏది ఏ స్కూలుకో మీరే కేటాయించాలి. లెటర్లు రాలేదని అప్లికేషన్ ఆపక్కర్లేదు, వెరిఫికేషన్‌కి (ఆమ్‌కాస్ మీ మార్కులు సరిచూడటానికి) అవి అవసరం లేదు. కానీ చాలా స్కూళ్లు లెటర్లు అందేదాకా ఫైల్ తెరవవు. ఆస్టియోపతిక్ (డీఓ డిగ్రీ ఇచ్చే) స్కూళ్ల ఏకామాస్, టెక్సాస్ టీఎండీసాస్ వేరే వ్యవస్థలు. అవీ మీ జాబితాలో ఉంటే అప్‌లోడ్ ఒక్కసారితో తీరదని మెంటర్‌కి ముందే చెప్పండి.

మరో పొరపాటు తరచూ జరుగుతుంది. పీఐలకి గ్రాడ్ స్కూల్ లెటర్లు అలవాటు కాబట్టి, 'గొప్ప పీహెచ్‌డీ విద్యార్థి అవుతుంది' అని ముగిస్తారు. ఎండీ (అమెరికాలో డాక్టర్ డిగ్రీ) కమిటీకి అది పనికిరాదు. ఎవరికి రాస్తున్నారో ఆ పేజీ పైనే పెద్దక్షరాల్లో పెట్టండి. ఎండీ-పీహెచ్‌డీకి వెళ్లేవాళ్ల విషయం వేరు, అక్కడ ముఖ్యమైన రీసెర్చ్ మెంటర్లందరి లెటర్లూ ఆశిస్తారు. పాఠం చెప్పని పీఐ ఇచ్చిన లెటర్‌ని సైన్స్ ప్రొఫెసర్ లెటర్ కింద చాలా స్కూళ్లు లెక్కించవు, అవి విడిగా సంపాదించాలి. మీ కాలేజీలో లెటర్లు కూర్చి పంపే ప్రీమెడ్ కమిటీ ఉంటే దాని గడువు ఆమ్‌కాస్ కన్నా ముందే ఉండొచ్చు, ఆ తేదీనే మెంటర్‌కి చెప్పండి.

గడువుకి నాలుగు వారాల ముందు ఒక మెయిల్, రెండు వారాల ముందు ఇంకొకటి. అయినా పలకకపోతే పోస్ట్‌డాక్‌కి రాయండి. పీఐ తలుపు తట్టగలిగేది వాళ్లే.