పెన్షనరుకు ఉద్యోగం పోతే ఇచ్చే బీమా

2023 మే 29న నా ఫిర్యాదుకు జవాబుగా బ్యాంకు నుంచి నాకు వచ్చిన ఉత్తరంలో అసలు విషయం మూడే వాక్యాలు. నా క్రెడిట్ కార్డు బకాయి మీద తీసుకున్న బీమాకు నేను ఫోనులో అంగీకారం తెలిపినట్లు వారి రికార్డులలో ఉన్నదని, పాలసీని చూసుకుని వద్దనుకుంటే రద్దు చేసుకునే గడువు ఎప్పుడో ముగిసిందని, అందువల్ల కట్టిన ప్రీమియం వాపసు ఇవ్వడం వీలుపడదని వాటి సారాంశం. ఫిర్యాదును మూసివేసినట్లు కింద ఒక నంబరు కూడా వేశారు. చదివి రెండు రోజులు ఊరుకున్నాను. ముప్ఫై మూడేళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసినవాణ్ణి కనుక, మూడో రోజున పిల్లవాడి జవాబు పత్రం దిద్దడానికి కూర్చున్నట్లు ఆ ఉత్తరాన్ని ముందు పెట్టుకుని, నేను అడిగిన ప్రశ్నకు ఇందులో జవాబు ఎక్కడ ఉన్నదా అని వెదికాను. ఎక్కడా లేదు. అంగీకారం ఇచ్చానా లేదా అని నేను అడగలేదు. కార్డుదారుకు ఉద్యోగం పోయినా, ప్రమాదంలో ఏమైనా జరిగినా కార్డు బకాయి తీర్చే బీమా అది. ఉద్యోగంలో లేని మనిషికి, ఉద్యోగం పోతే ఆదుకునే బీమాను ఎలా అమ్మారని అడిగాను.

మాది అంబాజీపేటకు దగ్గరలో ఒక పల్లె. 2019 జూన్‌లో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల నుంచి అరవై ఏళ్లు నిండి పదవీ విరమణ చేశాను. నెలనెలా పెన్షను వస్తుంది, ఎకరం పైచిలుకు కొబ్బరి తోట ఉన్నది. 2020 చివరలో మా ఆవిడకు కాకినాడలో ఆపరేషను జరిగినప్పుడు కార్డు మీద డబ్బు వాడవలసి వచ్చింది. ఆ బకాయిని ఒక్కసారిగా తీర్చలేక నెలకు కొంత చొప్పున కడుతూ వచ్చాను. దాని మీద పడిన వడ్డీ గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు, తెలిసే మోశాను. తెలియకుండా మోసినది వేరే ఉన్నది. 2021 మార్చి బిల్లులో, బకాయి 58,400 రూపాయలు ఉన్నప్పుడు, ఇంగ్లీషు పొడి అక్షరాలతో ఒక పంక్తి, దాని ఎదురుగా 292 రూపాయలు; దాని కిందనే జీఎస్టీ అని 52 రూపాయల 56 పైసలు. అటువంటి పంక్తి వరుసగా 26 బిల్లులలో ఉన్నది. బిల్లు వచ్చినప్పుడల్లా కట్టవలసిన కనీస మొత్తమూ గడువు తేదీ చూసి పక్కన పెట్టడం నాకు అలవాటు. 2023 ఏప్రిల్‌లో వేసవి సెలవులకు వచ్చిన మా అమ్మాయి "నాన్నగారూ, ఈ పంక్తి ఏమిటి?" అని వేలు పెట్టి అడిగేదాకా నేను దానిని గమనించలేదు. జీఎస్టీతో కలిపి అప్పటికి 9,236 రూపాయలు పోయాయి.

మొదటి ఫిర్యాదులో నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. నాకు తెలియకుండా వసూలు చేశారని రాశాను. బ్యాంకుకు అది సులువైన ప్రశ్న అయింది, ఎందుకంటే ఫోను రికార్డు వారి దగ్గర ఉన్నది. బీమా నాకు పనికిరానిదన్న అసలు మాటను చివరి పేరాలో ఒక్క వాక్యంగా పెట్టడం వల్ల వారు దానిని దాటవేయగలిగారు. రెండో ఉత్తరంలో ఆ క్రమాన్ని తిరగేశాను. వాదన పెట్టే ముందు మాత్రం కాగితాలు అడిగాను: ఆ ఫోను సంభాషణ రికార్డింగు, నా పేరున ఇచ్చిన బీమా సర్టిఫికెట్టు, పూర్తి నిబంధనలు, అవి నాకు ఏ తేదీన ఏ చిరునామాకు ఏ విధంగా పంపారన్న రుజువు. అమలాపురం పోస్టాఫీసులో రిజిస్టరు చేసి, అక్‌నాలెడ్జ్‌మెంటు కార్డు తిరిగి వచ్చేదాకా రసీదును భద్రంగా దాచాను. నెల తిరగకముందే రికార్డింగు, పదకొండు పేజీల నిబంధనలు మెయిలులో వచ్చాయి.

ఆ రికార్డింగు నిడివి మూడు నిమిషాల లోపే. మా అమ్మాయి ఫోనులో పెట్టి విన్నాము. మొదట వినిపించినది నా గొంతు కాదు, కొబ్బరికాయలు నేల మీద పడుతున్న చప్పుడు. ఆ రోజు తోటలో దింపు జరుగుతున్నది. చెట్టు మీది మనిషి "పక్కకు తప్పుకోండి మాస్టారూ" అని కేక వేయడం, నేను "ఆఁ, ఆఁ" అంటూ జరగడం కూడా అందులో స్పష్టంగా ఉన్నాయి. అవతలి అమ్మాయి ముందుగా, నేను నేనేనని నిర్ధారించుకోవడానికి, పుట్టిన తేదీ చెప్పమన్నది. రోజు, నెల, సంవత్సరం మూడూ విడివిడిగా చెప్పాను. తరువాత ఆమె, "ఇది మీ కార్డుకి ప్రొటెక్షన్ సార్, మీకు ఏ ప్రాబ్లం వచ్చినా బకాయి కట్టే పని ఉండదు, హండ్రెడ్‌కి ఫిఫ్టీ పైసలే సార్" అన్నది. నేను "సరేనమ్మా" అన్నాను. అన్నమాట నిజం, దానిని ఏ ఉత్తరంలోనూ కాదనలేదు. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. రోజుకు ఇన్ని ఫోనులు చేయాలని, ఇంతమంది చేత సరే అనిపించాలని ఎవరో లెక్క కట్టి కూర్చోబెడితే ఆమె తన ముందు పెట్టిన కాగితం చదివింది. ఆ కాగితంలో ఏమి లేదన్నదే నాకు కావలసిన విషయం.

వాక్యం వాక్యంగా రాసుకుని చూశాను. యాభై పైసలు నెలకా, సంవత్సరానికా, ఒక్కసారా అన్నది ఆమె చెప్పలేదు. అది నెలకు. అంటే నూటికి ఏడాదికి ఆరు రూపాయలు, జీఎస్టీతో ఏడు రూపాయల ఎనిమిది పైసలు. మీరు ఉద్యోగంలో ఉన్నారా, పదవీ విరమణ చేశారా అని అడగలేదు. నిబంధనల నాలుగో పేజీలో, ఉద్యోగం పోయినప్పటి సాయం జీతం మీద పనిచేసే శాశ్వత ఉద్యోగులకు మాత్రమేనని ఉన్నది. అంతకంటె పెద్దది ఆరో పేజీలో కనిపించింది: బీమాలో చేరే నాటికి వయస్సు అరవై ఏళ్లు దాటి ఉండరాదు. ఫోను వచ్చిన నాటికి నాకు అరవై ఒకటి దాటి ఎనిమిది నెలలు. అంటే ప్రమాదంలో నేను పోయినా, మంచాన పడినా, వయస్సు చూసి మా ఆవిడ పెట్టిన క్లెయిమును తిప్పి పంపేవారు. నా పుట్టిన తేదీ ఏమిటో ఆ సంభాషణ మొదటి నిమిషంలోనే వారికి తెలుసు; నా మీద సాక్ష్యంగా వారు పంపిన రికార్డింగులోనే అది నా గొంతుతో ఉన్నది.

అందుచేత రెండో ఉత్తరం ఆ వయస్సు నిబంధనతోనే మొదలయింది. తీసుకున్న రోజు నుంచే చెల్లని బీమాకు 26 నెలలు ప్రీమియం వసూలు చేశారని, ఆ వసూలుకు నా "సరే" ఆధారం కాజాలదని, ఆ సరేకు అవసరమైన సమాచారం నాకు ఇవ్వలేదని రాశాను. గడువు ముగిసిందన్న మాటకు, పాలసీ కాగితం చేతికి అందిన రోజు నుంచి కదా ఆ గడువు లెక్కించవలసినది, అది అందినట్లు మీరు చూపలేదని రాశాను. సర్టిఫికెట్టు పంపామని వారు ఒక తేదీ మాత్రం ఇచ్చారు; ఎక్కడికి పంపారో చెప్పలేకపోయారు.

నామినీ విషయం మా అమ్మాయి పట్టుకున్నది. కార్డుదారులకు ప్రమాద మరణ, అంగవైకల్య బీమా ఇచ్చే బ్యాంకులు నామినీ వివరాలను లిఖితపూర్వకంగా తీసుకోవాలని, క్లెయిములు చూసే బీమా కంపెనీ పేరు, చిరునామా, ఫోను నంబరు తెలుపుతూ ఉత్తరం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2015 మాస్టర్ సర్క్యులర్‌లోనే ఉన్నది. 2022 జూలై 1 నుంచి అమలయిన కార్డుల ఆదేశాలలోనూ నామినీ నిబంధన ఉన్నది. నన్ను ఎవరూ మా ఆవిడ పేరు అడగలేదు. మరణానికి బీమా అమ్మినవారు, మరణం తరువాత డబ్బు ఎవరికి ఇవ్వాలో తెలుసుకోకపోవడం నన్ను ఈ వ్యవహారం మొత్తంలో ఎక్కువగా బాధపెట్టింది. డబ్బు ఇవ్వవలసి వస్తుందని వారు అనుకున్నట్లే లేదు.

ఇంగ్లండులో నర్సుగా పనిచేస్తున్న నా శిష్యురాలు ఒకామె ఈ సంగతి విని, అక్కడ ఇదే తరహా బీమా దేశమంతటినీ కుదిపిన వ్యవహారమని చెప్పింది. అప్పులకూ కార్డులకూ అంటగట్టిన ఆ బీమాలపై ఫిర్యాదు చేసుకోవడానికి 2019 ఆగస్టు 29 ఆఖరు తేదీగా పెట్టారు. బ్యాంకులు వాపసు ఇచ్చినది 3,800 కోట్ల పౌండ్లకు పైగా. 2014లో అక్కడి సుప్రీం కోర్టుకు వెళ్లిన ఒక కేసులో, ఒక వితంతువు కట్టిన ప్రీమియంలో 71.8 శాతం కమీషన్‌గానే పోయిందని, ఆ సంగతి ఆమెకు చెప్పకపోవడం అన్యాయమని తేలింది. మన చట్టం వేరు, ఆ తీర్పు ఇక్కడ నాకు పనికిరాదు. అయినా అది విన్న తరువాత, నా ప్రీమియంలో బ్యాంకుకు ముట్టిన కమీషన్ ఎంత అని ఒక ప్రశ్న చేర్చాను. దానికి మాత్రం చివరిదాకా ఎవరూ జవాబు ఇవ్వలేదు.

రెండో ఉత్తరానికి వచ్చిన జవాబు, బీమా సంగతి బీమా కంపెనీతో తేల్చుకోమని. ఇక్కడే చాలామంది ఆగిపోతారని నా అనుమానం. పాలసీ బీమా కంపెనీదే కావచ్చు. ఫోను చేసినది బ్యాంకు, డబ్బు తీసుకున్నది బ్యాంకు బిల్లులో, కార్డుదారులందరికీ కలిపి తీసుకున్న మాస్టర్ పాలసీ ఉన్నది బ్యాంకు పేరున, నాకు దక్కినది దాని కింద ఒక సర్టిఫికెట్టు మాత్రమే. ఇటువంటి ఫిర్యాదులను విచారించి తేల్చే అధికారిని అంబుడ్స్‌మన్ అంటారు; బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు, పుదుచ్చేరిలో భాగమైన మన పక్కనున్న యానాం కూడా దాని పరిధిలోకే వస్తుంది. క్లెయిము తిరస్కరించి ఉంటే అక్కడికి వెళ్లేవాణ్ణి. నా తగవు అమ్మకం గురించి, వసూలు గురించి కనుక రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఎంచుకున్నాను. ఒకే తగవును రెండు చోట్ల నడపడానికి వీలులేదు.

2021 నవంబరు 12న మొదలైన రిజర్వు బ్యాంకు సమగ్ర అంబుడ్స్‌మన్ పథకం అప్పటి నిబంధనల ప్రకారం నేను దరఖాస్తు చేశాను. ముందు బ్యాంకుకు రాయవలసి ఉండేది. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా, జవాబు వచ్చిన ఏడాదిలోగా అంబుడ్స్‌మన్‌కు వెళ్లే వీలుండేది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. అసలు మన తరఫున వకీలును పెట్టడానికే ఆ పథకం ఒప్పుకునేది కాదు. పోర్టలులో పెట్టలేనివారు చండీగఢ్‌లోని కేంద్రానికి పోస్టులో పంపే వీలుండేది. మేము పోర్టలులోనే పెట్టాము. దరఖాస్తులో ఒక ప్రశ్న ప్రత్యేకంగా రాశాను. ఖాతాదారు ఫిర్యాదును తోసిపుచ్చే ముందు బ్యాంకు దానిని తన అంతర్గత అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకులోనే ఫిర్యాదులను మళ్లీ పరిశీలించే అధికారికి, చూపాలి, చూపినట్లు జవాబులో తెలపాలి. నాకు వచ్చిన రెండు ఉత్తరాలలోనూ ఆ ముక్క లేదు.

దరఖాస్తు వెళ్లిన మూడు వారాలకు అదే బ్యాంకు నుంచి ఒక పెద్ద అధికారి ఎంతో మర్యాదగా ఫోను చేసి, "మాస్టారూ, మీ వయస్సుకు గౌరవమిచ్చి సగం వాపసు ఇస్తాము, ఫిర్యాదు వెనక్కు తీసుకోండి" అన్నారు. నా వయస్సుకు గౌరవం ఇవ్వవలసిన రోజు ఆ ఫోను వచ్చిన రోజేనని చెప్పి, అడిగినది రాతపూర్వకంగా పంపమన్నాను. సగానికి ఒప్పుకోవడం తప్పని నేను అనను. అవసరంలో ఉన్నవారికి చేతికి వచ్చిన నాలుగు వేలు తక్కువేమీ కావు. నా మట్టుకు, బీమాలో సగమైనా నాకు పనికివచ్చి ఉంటే ఒప్పుకునేవాణ్ణి.

వాపసులో మరొక భాగం ఉన్నది, దానిని చాలామంది అడగరు. ప్రీమియం ప్రతి నెలా నా బకాయిలో కలిసింది, ఆ బకాయి మీద నెలకు 3.5 శాతం వడ్డీ పడింది. కనుక ప్రీమియం మీద కూడా వడ్డీ కట్టాను. 26 వరుసలతో ఒక పట్టిక చేతితో గీసి, చక్రవడ్డీ జోలికి పోకుండా బారువడ్డీ మాత్రమే కట్టి, 4,041 రూపాయలని తేల్చి దరఖాస్తుకు జతచేశాను. బ్యాంకు ఇచ్చిన వివరణలో ఆ పట్టికకు అభ్యంతరం చెప్పలేదు.

అంబుడ్స్‌మన్ కార్యాలయం తీర్పు ఇవ్వవలసిన అవసరం రాలేదు. వారు రాజీకి అవకాశం ఇచ్చినప్పుడు బ్యాంకు మొత్తం ప్రీమియం, జీఎస్టీ, నేను చూపిన వడ్డీ ఇవ్వడానికి ఒప్పుకున్నది. 2023 డిసెంబరు బిల్లులో 13,277 రూపాయలు జమ అయ్యాయి. మిగిలిన బకాయి దాళ్వా (రెండో పంట) కౌలు డబ్బుతో కలిపి తీర్చి, కార్డు మూసివేయమని రాసి, బాకీ లేదన్న కాగితం తీసుకున్నాను.

మా వీధి చివర ఉండే విశ్రాంత అటెండరు గారు గత నెలలో తన బిల్లులు సంచిలో వేసుకుని వచ్చారు. ఆయనది వేరే బ్యాంకు. పంక్తి పేరు వేరు, నూటికి పైసలు కూడా కొంచెం వేరు. పద్నాలుగు బిల్లులలో ఉన్నది. నామినీగా ఎవరి పేరు ఇచ్చారని అడిగితే, తనను ఎవరూ అడగలేదన్నారు. ఆయన ఫోను రికార్డింగు, నిబంధనల ప్రతి కోరుతూ రాసిన ఉత్తరాన్ని సోమవారం నాడు రిజిస్టరు చేశాము.