దీపాల కంటే ముందు నీళ్ళ పండగ

బెంగళూరులో ఆరేళ్ళుగా ఉంటున్నా గానీ దీపావళికి ముందు ఇక్కడి కన్నడ వాళ్ళు నీళ్ళకే ఒక పండగ చేస్తారని 2024లోనే తెలిసింది నాకు. నీరు తుంబువ హబ్బ అంటారు, నీళ్ళు నింపే పండగ అన్నమాట. త్రయోదశి సాయంత్రం స్నానాల గదిలో ఉండే రాగి హండెని, అంటే నీళ్ళు కాచే పెద్ద పాత్రని, చింతపండు, ఉప్పు వేసి తళతళా తోమి, సున్నం, ఎర్రమన్నుతో గీతలు గీసి, మెడకి కాకర తీగ చుట్టి, కొత్త నీళ్ళు నింపి పూజ చేస్తారు. మర్నాడు నరక చతుర్దశి తెల్లారుజామున తలంట్లకి కాచేది ఆ నీళ్ళే.

పక్కింటి అజ్జి (కన్నడంలో అవ్వ) ఇదంతా చెప్తావుంటే మా అమ్మ మధ్యలోనే "అయ్యో, ఇది మా అండానే కదా" అనింది. మాది అనంతపురం. మా అవ్వ కూడా ముందురోజు అండాని తోమించి, పసుపు కుంకుమ పెట్టి, నీళ్ళు నింపి మూత వేసేది, ఇంక ఎవరూ చెయ్యి పెట్టకూడదు. తోమే డ్యూటీ నాదే. చింతపండు పులుపుకి రాగి మీద నల్లమరక ఇట్టే పోతుంది నిజమే, కానీ వేళ్ళ మీద ఏ చిన్న గీత ఉన్నా మంటే మంట, అందుకే నాకది పండగ అని ఎప్పుడూ అనిపించలేదు, పని అంతే.

ఇప్పుడు ఫ్లాట్‌లో అండా ఎక్కడిది. గీజర్‌కి బొట్టు పెడతావా అని మా ఆయన జోకు. నవ్వుకున్నాం గానీ అజ్జి నిజంగానే పెట్టింది, కింద స్టీలు బిందెకి తీగ కూడా కట్టింది. అదే ఏడు మార్చిలో ఈ ఊర్లో తాగే నీళ్ళతో కార్లు కడిగితే 5,000 రూపాయలు ఫైన్ అన్నారు, మేం ట్యాంకర్ కోసం బాల్కనీలోంచి తొంగి చూస్తా కూర్చున్నాం, ఆ వేసవి తర్వాత నిండు బిందెకి దండం పెట్టడం నాకేమీ చాదస్తంగా అనిపించలేదబ్బా. తైలే లక్ష్మీ, జలే గంగా అంటారు కదా, ఆ రోజు నూనెలో లక్ష్మి, నీళ్ళలో గంగ. పైఫ్లోర్ తమిళ వాళ్ళైతే హలో బదులు గంగాస్నానం ఆచ్చా, అంటే అయ్యిందా, అనే అడుగుతారు పొద్దున్నే.

మేమూ బిందె నింపినాం. నువ్వుల నూనె, సున్నిపిండి రెడీ. ఉత్తరేణి మాత్రం లేదు, స్నానం మధ్యలో తల చుట్టూ తిప్పడానికి ఆ కొమ్మ ఉండాల్సిందే అని అమ్మ పట్టు. ఆన్‌లైన్‌లో వెతికితే పౌడర్ చూపిస్తాంది. చివరికి వెనక ఖాళీ సైట్‌లో, చెత్త పక్కన, కావలసినంత ఉంది. ఫోన్ లైట్ వేసుకుని నాలుగు కొమ్మలు తెంపుకొచ్చినాం, రాత్రి పదకొండు దాకా అమ్మ చీర కుచ్చిళ్ళకి అంటుకున్న ఆ ముళ్ళ గింజలు ఒక్కొక్కటే పీకుతా కూర్చున్నా, పొద్దున నాలుగింటికి మళ్ళీ లేవాల.