కాగితం మడతలో నిష్పత్తి
నిష్పత్తి పాఠానికి ముందుగా సూత్రం చెప్పడం మానేశాను. అడ్డగుణకారం నేర్పితే లెక్క వచ్చేస్తుంది గానీ, ఏది మారుతోంది, ఏది మారట్లేదు అన్న చూపు రాదు. అందుకే ఈసారి పిల్లల చేతికి ఏ4 కాగితాలిచ్చాను. పొడవు 297 మిల్లీమీటర్లు, వెడల్పు 210. భాగిస్తే సుమారు 1.41. సగానికి మడిస్తే 210, 148. భాగిస్తే 1.42, దాదాపు అదే! కాగితం చిన్నదైనా ఆకారం మారలేదు. ఏ3 పేజీని జిరాక్స్‌లో 71 శాతానికి తగ్గిస్తే ఏ4లో చక్కగా ఇమిడేది అందుకే.

ఇంతలో ఒకమ్మాయి చతురస్రం కత్తిరించి మడిచింది. "సార్, 1:1 కాస్తా 2:1 అయిపోయింది, ఇదెందుకు కుదరట్లేదు?" అంది. ఎంత మంచి ప్రశ్న! మిగతా పీరియడంతా దానికే ఇచ్చేశాను. రేపు ఎండ బాగుంటే నీడలతో చెట్టు ఎత్తు కొలుస్తాం.